పేరు దేశానిది - మనిషెవరు?

(తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి, యం.పి.సి.)

"పేరు గొప్ప, ఊరు దిబ్బ" అన్నారు పెద్దలు. పేరునూ ఊరునూ కలిపి మాట్లాడటం మనకు పాత అలవాటే. అయితే ఊరు చాలక ఒక దేశాన్నే పేరులో పెట్టుకు తిరిగిన ప్రముఖులు కొందరు వున్నారు. జోర్డాన్ వున్నాడు, ఫ్రాన్స్ వున్నాడు, చాద్ వున్నాడు, ఇజ్రాయెల్ వున్నాడు. జార్జియా అనే ఆవిడ కూడా వుంది. క్విజ్ పోటీలకు ఇవి మంచి ప్రశ్నలు. కాని నేను ఈ విషయంలోకి క్విజ్ దారిన రాలేదు, పదిమందిలో తల వంచుకుని వచ్చాను.

గత సంవత్సరం మా గణిత శాఖ సెమినార్‌లో గాస్-జోర్డాన్ పద్ధతి గురించి మాట్లాడాను. మొదట కాస్త చరిత్ర చెబితే బాగుంటుందని బోర్డు మీద "కమీల్ జోర్డాన్, ఫ్రాన్స్, 1838-1922" అని పెద్ద అక్షరాలతో రాశాను. వెనక వరసలోంచి ఒక మిత్రుడు లేచి, "ఆ పేరుతో దేశం వుంది గదా, ఆయన అక్కడివాడేనా?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మా లెక్చరరుగారు మాత్రం నవ్వలేదు. "వాడడిగింది మంచి ప్రశ్నే. ఆ సంగతి అటుంచి, నువ్వు రాసిన మనిషికీ ఈ పద్ధతికీ సంబంధం లేదు. ఏ జోర్డానో చూసుకు రావోయ్" అన్నారు.

ఆ మాటతో మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి గుర్తుకొచ్చింది. మా నాన్నకూ, ఆయన పెదనాన్నగారి కొడుక్కూ ఒకే పేరు. తాత పేరు మనవడికి పెట్టడం మన పల్లెల్లో ఆచారం గదా. అన్నదమ్ములిద్దరూ తండ్రి పేరు నిలబెట్టాలనుకుంటే ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరుతో ఇద్దరు మనుషులు తయారవుతారు. ఒక ఏడు పంట రుణం బాకీ అంటూ మాకు నోటీసు వచ్చింది. నాన్న తన బాకీ పైసాతో సహా కట్టేశారు, రసీదు ట్రంకుపెట్టెలో వుంది. అయినా "పాత బాకీ తీరితేగాని కొత్త అప్పు లేదు" అన్నారు. సరిగ్గా విత్తనాల వేళ. నాన్న మూడుసార్లు తిరిగారు. "పేరు మాదే గాని బాకీ మాది కాదు బాబూ" అని చెప్పుకున్నారు. చివరికి తండ్రి పేరు, సర్వే నంబరు పక్కపక్కన పెట్టి చూశాక గాని మనిషి వేరని తేలలేదు. అప్పటికి అదను దాటిపోయింది. ఆ ఏడు వేరుశనగ ఆలస్యంగా వేశాం.

బోర్డు దగ్గర నేను చేసిన తప్పు అచ్చంగా ఇదే. పేరు చూశాను, తండ్రి పేరూ సర్వే నంబరూ చూడలేదు. అందుకని దేశాల పేర్లున్న మనుషుల్ని ఆ రెండు ప్రశ్నలతోనే చూద్దామనిపించింది. ఈ పేరు ఎక్కడినుంచి పుట్టింది? ఈ మనిషి ఏ కాలంవాడు, ఏ చోటివాడు?

నది ఒకటి, దేశం ఒకటి

ముందు నా మిత్రుడి ప్రశ్నకు జవాబు. జోర్డాన్ అనేది మొదట దేశం పేరు కాదు, నది పేరు. సుమారు 251 కిలోమీటర్లు పారి మృత సముద్రంలో కలిసే చిన్న నది. మృత సముద్రపు నీటిమట్టం సముద్రమట్టం కన్నా 400 మీటర్లకు పైగా కిందికి వుంటుంది. హీబ్రూ భాషలో ఆ నదిని యార్దేన్ అంటారు, "దిగు" అనే అర్థమున్న ధాతువుతో దాన్ని ముడిపెడతారు. అంత పల్లంలోకి దిగే నదికి తగిన పేరే.

ఏసుక్రీస్తు బాప్తిస్మం పొందింది ఆ నదిలోనేనని క్రైస్తవుల విశ్వాసం. మనవాళ్ళు కాశీకి వెళ్ళి గంగాజలం చెంబుల్లో తెచ్చుకున్నట్టే, మధ్యయుగాల్లో పుణ్యక్షేత్రాలకూ క్రూసేడు యుద్ధాలకూ వెళ్ళిన ఐరోపావాళ్ళు జోర్డాన్ నీళ్ళు తెచ్చుకుని వాటితో పిల్లలకు బాప్తిస్మం ఇప్పించేవారనీ, అలాంటి పిల్లలకు జోర్డాన్ అని పేరు పెట్టేవారనీ చెబుతారు. అలా పుట్టిన పేరు కొన్ని తరాలకు ఇంటిపేరయింది. గంగాధరం, గోదావరి అని మనం పెట్టుకోవడం లాంటిదే.

ఇక దేశం సంగతి. ఆ నదికి తూర్పున 1921లో ట్రాన్స్‌జోర్డాన్ అనే రాజ్యం బ్రిటిష్‌వాళ్ళ నీడలో ఏర్పడి 1946లో స్వతంత్రమయింది. ఇప్పుడు మనం జోర్డాన్ అనే దేశం అదే. అంటే మనిషీ దేశమూ ఒకరి పేరు ఒకరు తీసుకోలేదు, ఇద్దరూ ఒకే నది దగ్గర పేరు ముంచుకుని చెరో దారిన పోయారు. మన దేశం మాత్రం? ఇండియా అనే పేరు సింధునది నుంచి వచ్చిందే గదా!

ముగ్గురు జోర్డాన్‌లు

సైన్సు విద్యార్థికి చిక్కంతా ఇక్కడే వుంది. మన పాఠ్యపుస్తకాల్లో జోర్డాన్‌లు ముగ్గురు.

మొదటివాడు కమీల్ జోర్డాన్. 1838లో ఫ్రాన్సులోని లియోన్‌లో పుట్టాడు. చదివింది ఇంజనీరింగు, మనసు గణితం మీద. 1870లో గ్రూపు సిద్ధాంతం మీద ఒక గొప్ప గ్రంథం ప్రచురించాడు. మాట్రిక్సుల అధ్యాయంలో వచ్చే జోర్డాన్ రూపం ఈయనదే. తనను తాను ఎక్కడా ఖండించుకోని మూసిన వక్రరేఖ తలాన్ని లోపల, బయట అని రెండు భాగాలు చేస్తుందనే సిద్ధాంతం కూడా ఈయన పేరు మీదే వుంది. "పొలం చుట్టూ గట్టు వేస్తే లోపలిది మనది, బయటిది పక్కవాడిది. దీనికి సిద్ధాంతం ఎందుకు?" అంటుంది మా నాయనమ్మ. కాని ఎన్ని వంకరలు తిరిగిన రేఖకైనా అది నిజమని రుజువు చెయ్యబోతే ఎంత కష్టమో ఎం.ఎస్సీ. సోదరుల్ని అడగండి.

రెండోవాడు విల్‌హెల్మ్ జోర్డాన్. 1842లో దక్షిణ జర్మనీలో పుట్టాడు. ఈయన వృత్తి భూమి కొలవడం. గొలుసులతో, కోణాలు కొలిచే యంత్రాలతో దేశాన్ని కొలిచే జియోడెసీ శాస్త్రంలో ఆచార్యుడు. 1873-74లో లిబియా ఎడారి యాత్రకు కూడా వెళ్ళివచ్చాడు. భూమిని ఎన్నిసార్లు కొలిచినా ప్రతిసారీ కాస్త తేడా వస్తుంది. ఆ తేడాలన్నిటికీ సర్ది అన్నిటికన్నా నమ్మదగిన విలువ తీయాలంటే బోలెడు సమీకరణాలు ఒకేసారి సాధించాలి. గాస్ పద్ధతిలో సమీకరణాలను మెట్లమెట్లుగా తగ్గించి, చివరి తెలియనిరాశి దగ్గరనుంచి వెనక్కి రావాలి. కర్ణానికి కిందనే కాక పైన కూడా సున్నాలు చేసుకుంటూ పోతే వెనక్కి రావలసిన పని లేదు, జవాబులు ఎదురుగా నిలబడతాయి. 1888లో అచ్చయిన తన సర్వే గ్రంథంలో ఈయన ఆ పద్ధతి వివరించాడు. గాస్-జోర్డాన్‌లోని జోర్డాన్ ఈయన! నేను బోర్డు మీద రాసిన ఫ్రెంచి పెద్దమనిషి కాదు. నాన్నకు పట్టిన చిక్కు సర్వే నంబరుతో తేలినట్టు, నా చిక్కు కూడా ఒక సర్వేయరు దగ్గరే తేలింది.

ఈ పొరపాటు నా ఒక్కడిదే కాదు. ఎన్నో పుస్తకాల్లో ఈ పద్ధతిని కమీల్ ఖాతాలో రాసేశారు. నోటీసు వేరే ఇంటికి వెళ్ళడమంటే ఇదే.

మూడోవాడు పాస్కువల్ జోర్డాన్. 1902లో హానోవర్‌లో పుట్టాడు. అంతకు మూడేళ్ళ ముందు, 1899లో, విల్‌హెల్మ్ చనిపోయిందీ ఆ ఊళ్ళోనే. ఊరూ ఒకటే, ఇంటిపేరూ ఒకటే, అయినా వంశాలు వేరు. పాస్కువల్ పూర్వీకుడు స్పెయిన్ నుంచి వచ్చి స్థిరపడిన సైనికాధికారి. వాళ్ళ అసలు ఇంటిపేరు జోర్డా, జర్మనీలో జోర్డాన్‌గా మారింది. ఇంటి పెద్దకొడుక్కి పాస్కువల్ అని పేరు పెట్టడం ఆ వంశాచారమట. మా ఇంటి ఆచారం లాంటిదే!

1925లో మాక్స్ బోర్న్, హైజెన్‌బర్గ్‌లతో కలిసి మాట్రిక్సు రూపంలో క్వాంటం యాంత్రికశాస్త్రానికి పునాది వేసిన ముగ్గురిలో ఈయన ఒకడు. హైజెన్‌బర్గ్‌కు 1932 సంవత్సరపు నోబెల్ బహుమతి, బోర్న్‌కు 1954లో నోబెల్ వచ్చాయి. జోర్డాన్‌కు రాలేదు. 1933లో ఆయన నాజీ పార్టీలో చేరాడు. గొప్ప బుర్ర వున్నవాడు కూడా ఎంత చెడ్డదారి తొక్కవచ్చో చెప్పడానికి ఆయన జీవితం చాలు. 1980లో మరణించాడు. జోర్డాన్ ఆల్జీబ్రాలు అనేవి ఈయన పేరు మీద వున్నవి.

ఇందులో తమాషా ఏమంటే, ఫ్రాన్సులో కమీల్ పేరును "జొర్దాఁ" అన్నట్టు, చివర ముక్కుతో పలుకుతారు. జర్మన్‌లు "యోర్డాన్" అంటారు. వాళ్ళకు చెవిన పడగానే తేడా తెలుస్తుంది. మనం అందర్నీ ఇంగ్లీషు దారిన "జోర్డాన్" అనేసి కలగాపులగం చేసుకున్నాం.

బాస్కెట్‌బాల్ అభిమానులు కోప్పడకుండా ఒక్క మాట. 1963లో పుట్టిన మైకేల్ జోర్డాన్ షికాగో బుల్స్ జట్టుకు 1991-93లో మూడు, 1996-98లో మూడు, మొత్తం ఆరు ఛాంపియన్‌షిప్‌లు సాధించిపెట్టాడు. అదే పేరుతో మరో మైకేల్ జోర్డాన్ వున్నాడు. ఆయన మెషీన్ లెర్నింగ్ శాస్త్రవేత్త. ఒకాయన చేతిలో బంతి, రెండో ఆయన చేతిలో సంభావ్యతా సూత్రాలు.

ఫ్రాన్సూ, కోడిపుంజూ

1921లో సాహిత్యంలో నోబెల్ బహుమతి పొందిన అనతోల్ ఫ్రాన్స్ అసలు ఇంటిపేరు తిబో. 1844లో పారిస్‌లో పుట్టాడు. తండ్రికి పుస్తకాల దుకాణం. తండ్రి పేరు ఫ్రాంస్వా, ముద్దుపేరు ఫ్రాన్స్. మనం వెంకటేశ్వర్లును వెంకడు అన్నట్టన్నమాట. దుకాణానికీ ఆ పేరే, కొడుకు రచనలకూ ఆ పేరే. అంటే ఆయన పేరులో వున్నది దేశం కాదు, నాన్న!

మరో ఫ్రాన్స్ మన సైన్సువాడే. ఆన్రీ ద ఫ్రాన్స్ అనే ఇంజనీరు సెకాం అనే కలర్ టెలివిజన్ పద్ధతిని రూపొందించాడు. 1967లో ఫ్రాన్సు దేశం ఆ పద్ధతిలోనే కలర్ ప్రసారాలు మొదలుపెట్టింది. ఫ్రాన్సు టెలివిజన్‌కు రంగు తెచ్చింది ఫ్రాన్సే అనవచ్చు.

రసాయనశాస్త్రంలో ఇంకో తగాదా వుంది. 1875లో లెకాక్ ద బువబోద్రాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఒక కొత్త మూలకం కనిపెట్టి దానికి గాలియం అని పేరు పెట్టాడు. మెండలీఫ్ ముందుగానే వుంటుందని చెప్పిన మూలకమది. సుమారు 30 డిగ్రీలకే కరుగుతుంది, మన వేసవిలో ద్రవంగానే వుంటుంది. ఫ్రాన్సు నేలకు లాటిన్‌లో గాలియా అని పేరు, అందుకే గాలియం అన్నాడాయన. కాని లాటిన్‌లో గాలస్ అంటే కోడిపుంజు, ఫ్రెంచిలో "ల కాక్" అన్నా కోడిపుంజే. "దేశం చాటున తన పేరే పెట్టుకున్నాడు" అని కొందరు గుసగుసలాడారు. కాదని ఆయన స్వయంగా ప్రకటించుకోవలసి వచ్చింది. పేరు దేశానిదా, మనిషిదా అన్న మన ప్రశ్న ఒక మూలకాన్ని కూడా వదల్లేదు!

వట్టి కాకతాళీయం

కొన్నిచోట్ల రెండు పేర్లకూ ఏ చుట్టరికమూ వుండదు. ఆఫ్రికాలోని చాద్ దేశానికి ఆ పేరు చాద్ సరస్సు నుంచి వచ్చింది. అక్కడి కనూరి భాషలో ఆ మాటకు పెద్ద జలాశయమని అర్థం. ఇంగ్లండులో చాద్ అనే పేరు ఏడవ శతాబ్దపు ఒక బిషప్ నుంచి వచ్చింది. చాద్ వరా అనే మతాచార్యుడికి ఆ బిషప్ పేరే పెట్టారు. బతుకు మీద విరక్తి కలిగినవారు ఫోన్ చేసి మనసులో మాట చెప్పుకునేందుకు 1953లో లండన్‌లో సమారిటన్స్ సేవ ప్రారంభించింది ఈయనే. పరీక్షల కాలంలో, ఫలితాల కాలంలో మన హాస్టళ్ళలో కూడా అలా వినే చెవి ఒకటి వుండాలని అనిపిస్తుంది.

అమెరికన్ చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ 1887లో పాడి రైతుల ఇంట పుట్టింది. ఆమె పేరు జార్జ్ అనే పేరుకు స్త్రీరూపం. జార్జ్ అనేది గ్రీకు మాట, దానికి అర్థం భూమి దున్నేవాడు, అంటే రైతు! ఇంగ్లండు సింహాసనం మీద ఆరుగురు జార్జిలు కూర్చున్నారు. జార్జియా దేశానికి మాత్రం ఆ పేరు పర్షియన్ వాళ్ళు పిలిచిన గుర్జ్ అనే మాట నుంచి వచ్చిందంటారు. ఆ దేశస్థులు తమ దేశాన్ని సకార్త్వెలో అనుకుంటారు.

సోవియట్ గణితవేత్త ఇజ్రాయెల్ గెల్ఫాండ్ 1913లో పుట్టాడు, ఇజ్రాయెల్ దేశం ఏర్పడింది 1948లో. దేశం కన్నా మనిషి ముప్ఫై అయిదేళ్ళు పెద్ద. బైబిల్‌లో యాకోబుకు వచ్చిన రెండో పేరే ఇద్దరికీ మూలం.

మనిషి నుంచి దేశానికి

ఇంతవరకు నవ్వుకుంటూ చదివిన మిత్రులు ఇక్కడ కాస్త ఆగాలి. మనిషి పేరు దేశానికి పెట్టినప్పుడు, పెట్టినవాడెవడు అన్న ప్రశ్న వస్తుంది.

1543లో ఒక స్పానిష్ నావికుడు ఆసియాలోని కొన్ని దీవులకు తమ యువరాజు ఫిలిప్ పేరు పెట్టాడు. ఫిలిప్పీన్స్ స్వతంత్రమైనా ఆ పేరు పోలేదు. 1598లో డచ్చివాళ్ళు ఒక దీవికి తమ రాకుమారుడు మారిస్ పేరు మీద మారిషస్ అన్నారు. 1715లో ఫ్రెంచివాళ్ళు వచ్చి దానికి "ఫ్రాన్సు దీవి" అని పేరు మార్చారు. 1810లో ఇంగ్లీషువాళ్ళు గెలిచి మళ్ళీ మారిషస్ చేశారు. తర్వాత చెరుకు తోటల్లో పనికి ఓడలెక్కి వెళ్ళిన మన తెలుగు కూలీలకు అక్కడ కోరంగివాళ్ళని పేరు పడింది. వాళ్ళు ఓడ ఎక్కిన రేవు పేరే వాళ్ళ పేరయింది. రాజుల పేరు దీవికి వచ్చింది, రేవు పేరు కూలీలకు వచ్చింది.

సెసిల్ రోడ్స్ అనే ఇంగ్లీషు గనుల వ్యాపారి బతికుండగానే ఆఫ్రికాలో ఒక దేశానికి రొడీషియా అని తన పేరు పడింది. అక్కడి ప్రజలు దాన్ని వుంచుకోలేదు. ఉత్తర భాగం 1964లో జాంబియా అయింది, అది జాంబేజీ నది పేరు. దక్షిణ భాగం 1980లో జింబాబ్వే అయింది, దానికి స్థానిక షోనా భాషలో రాతి ఇళ్ళని అర్థం. పాత బాకీ నోటీసును వాళ్ళు వెనక్కి పంపించేశారు.

బొలీవియా కథ వేరు. స్పెయిన్ పెత్తనాన్ని తొలగించిన సిమోన్ బొలివార్ పేరును 1825లో ఆ దేశం తానే తీసుకుంది. ఆయన ఇంటిపేరు మాత్రం స్పెయిన్‌లో బాస్క్ ప్రాంతంలోని బొలిబార్ అనే చిన్న పల్లెటూరిది. ఆ మాటకు మరలోయ అని అర్థం, మర అంటే పిండి మర. చూడండి, పిండిమర వున్న లోయ పల్లె పేరయింది, పల్లె మనిషి పేరయింది, మనిషి దేశమయ్యాడు!

ఊరి నుంచి మనిషికి

ఈ వరస మనకు కొత్తా? మన ఇంటిపేర్లలో ఎక్కువ భాగం ఊళ్ళ పేర్లే. గురజాడ కృష్ణా జిల్లాలోని ఊరు, ఆ ఇంటిపేరుగల అప్పారావుగారు విజయనగరం కవి. టంగుటూరు ఒక ఊరు, టంగుటూరి ప్రకాశం పంతులుగారు ఆంధ్రకేసరి. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశం జిల్లా అని పేరు మార్చారు. టంగుటూరు వున్నది ఆ జిల్లాలోనే. ఊరు మనిషికి ఇంటిపేరిచ్చింది, మనిషి తన పేరును తిరిగి ఆ ఊరున్న జిల్లాకే ఇచ్చాడు.

మా ఇంటిపేరు కూడా ఒక ఊరి పేరే. ఆ ఊరు మా ఇంట్లో ఎవరూ చూడలేదు. ఏ కరువుకో, ఏ బాకీకో తట్టాబుట్టా సర్దుకుని వచ్చిన మా పూర్వీకుణ్ణి కొత్త ఊరివాళ్ళు "ఫలానా ఊరివాడు" అని పిలిచి వుంటారు. అతను పోయాడు, పిలుపు మిగిలింది. సెలవుల్లో నాన్నను తీసుకుని ఆ ఊరికి వెళ్ళి రావాలని వుంది.

మిత్రులారా! మనం చదివే సిద్ధాంతాలన్నీ ఎవరో ఒకరి పేరు మీద వుంటాయి. ఆ పేరును పరీక్ష కోసం బట్టీ పట్టి వదిలేస్తున్నాం. అది ఒక మనిషి కష్టమని, ఆ కష్టాన్ని వేరొకడి ఖాతాలో రాస్తే తప్పని నేను ఈ ఏడే తెలుసుకున్నాను. విల్‌హెల్మ్ జోర్డాన్ వచ్చి "పద్ధతి నాది బాబూ" అని చెప్పుకోలేడు. నాన్నయితే మూడుసార్లు తిరిగారు.

ఈ నెల సెమినార్‌లో మళ్ళీ అవకాశమిచ్చారు. ఈసారి బోర్డు మీద "విల్‌హెల్మ్ జోర్డాన్, సర్వేయరు, 1842-1899" అని రాశాను. లెక్చరరుగారు చూసి, "ఊఁ, ఇక లెక్క మొదలుపెట్టు" అన్నారు.